నేను వెళ్ళొచ్చానట

పక్కబట్టల హోల్డాల్ పట్టీ తెగిపోతే దబ్బనంతో కుట్టుకుంటూ వంటింటి గడప దగ్గర కూర్చున్నాను. ఆయన బూట్ల లేసులు ముడి వేసుకుంటూ, నా వైపు చూడకుండానే, "నాకు లీవు దొరకలేదు" అన్నారు. శుక్రవారం మా అమ్మాయి రేవతిని పంత్‌నగర్ కాలేజీ హాస్టల్లో దింపి రావాలి. ఆయన ఆఫీసులో పనిచేసే పద్మనాభంగారు తన కొడుకు సుహాస్‌ని అక్కడే చేర్చడానికి వెళుతున్నారు కాబట్టి, రేవతిని కూడా వాళ్ళతో పంపేస్తే సరిపోతుందట. పద్మనాభం సొంత పిల్లలా చూసుకుంటాడు, దిగులు పడాల్సిందేమీ లేదు అంటూ క్యారేజీ అందుకుని మెట్లు దిగిపోయారు.

నేను వెళతానని మూడు వారాలుగా అడుగుతున్నాను. ఢిల్లీ నుంచి బస్సులో ఆరేడు గంటల దారి, ఒక్క రాత్రి ఉండి వచ్చేస్తాను అన్నాను. అడిగిన ప్రతిసారీ ఆయన దగ్గర ఒక సమాధానం ఉండేది. నాన్నకి అన్నం ఎవరు పెడతారు అన్నారు. మామగారు పక్షవాతంతో తొమ్మిదేళ్ళుగా మంచంలోనే ఉన్నారు, ఆ మాట నిజమే. ఇంకోసారి, నీకు బస్సు మీద బోర్డు చదవడమన్నా వచ్చా అన్నారు. అది పూర్తిగా నిజం కాదు. నేను మా ఊళ్ళో పదో తరగతి వరకు తెలుగులో చదువుకున్నాను. హిందీ అక్షరాలు రేవతి ఒకటో తరగతి పుస్తకంలో దానితో పాటు నేర్చుకున్నాను. ఈ సంగతి ఆయనకి తెలియదు. ఓసారి ఇంటికి నలుగురు వచ్చినప్పుడు, "మా ఆవిడ ఢిల్లీ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, సరోజినీ నగర్ మార్కెట్టు దాటితే తప్పిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. పకోడీల పళ్ళెం పట్టుకుని నేనూ నవ్వాను.

నేను చూడాలనుకున్నవి పెద్ద విషయాలేం కావు. దాని మంచం కిటికీ పక్కన వేస్తారా, తలుపు పక్కన వేస్తారా. స్నానాల గది గడియ సరిగ్గా పడుతుందా. మంచినీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్న లేవగానే నా చూపు మొదట దాని మీద పడుతుంది. ఇక మీదట లేవగానే దాన్ని తలుచుకోవాలంటే, ఎక్కడ ఉందని తలుచుకోను? నేను చూడని గదిలో నా కూతురు ఎలా కనిపిస్తుంది? ఈ మాట ఆయనతో అనలేదు. అంటే నవ్వుతారు. విచిత్రమేమిటంటే రేవతి కూడా నన్ను రమ్మని ఒక్కసారీ అడగలేదు. నేను ప్రయాణం మాట ఎత్తితే చాలు, "ఛోడో నా అమ్మా, వదిలెయ్యి" అని పక్క గదిలోకి వెళ్ళిపోయేది. పెద్దదవుతోంది, అమ్మ వెంట రావడం నామోషీ కాబోలు అనుకుని ఆ బాధ మింగేశాను.

మధ్యాహ్నం మామగారికి అన్నం కలిపి పెడుతుంటే ఫోను మోగింది. ఆయనే. రేవతి పదో తరగతి మార్కుల జాబితాకి జిరాక్సు తీయించాలట, అది బీరువా అడుగు అరలో నీలం ఫైల్లో ఉందట, తాళం చెవి దేవుడి పటం వెనక ఉందట. హడావిడిగా చెప్పి పెట్టేశారు. ఆ అరని ఆయన ఏనాడూ నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆఫీసు కాగితాలు, కలిపేస్తే మళ్ళీ దొరకవు అనేవారు. ఆ రోజు పని తొందరలో ఆ సంగతి మర్చిపోయినట్టున్నారు.

రేవతికి చెప్పి నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అది బీరువా తెరిచి నేల మీద కూర్చుని ఫైలు తిరగేస్తోంది. ఒక కాగితం దగ్గర ఆగింది. కాసేపు చూసి, దాన్ని తీసి ఫైల్లో అన్నిటికంటే అడుగున పెట్టబోయింది. కార్బను కాపీ, నీలం అక్షరాలు వెలిసిపోయాయి. అయినా అందులో నా పేరు నాకు కనిపించింది. ఇంగ్లీషులో నేను తడుముకోకుండా చదవగలిగేవి మూడే మాటలు, నా పేరు, ఆయన పేరు, నా కూతురి పేరు. మూడూ అక్కడ ఉన్నాయి.

ఏమిటే అది అన్నాను. ఏం లేదంది. ఇటియ్యి అన్నాను. ఇవ్వలేదు. నేను పక్కన కూర్చుని వేలితో చూపించి చదవమన్నాక, నెమ్మదిగా చదివింది.

అది ఎల్.టి.సి. కాగితం. ఆయనలాంటి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు రెండేళ్ళకోసారి లీవు పెట్టి కుటుంబంతో సొంత ఊరు వెళ్ళొస్తే రైలు ఛార్జీలు సర్కారు ఇస్తుంది. పంతొమ్మిది వందల తొంభై ఒకటి నవంబరు నాలుగు నుంచి పద్నాలుగు దాకా విష్ణువర్ధన్, భార్య సుభాషిణి, కూతురు రేవతి, తండ్రి వీరరాఘవులు, మొత్తం నలుగురు న్యూఢిల్లీ నుంచి తెనాలి వెళ్ళి తిరిగి వచ్చారని అందులో ఉంది. టిక్కెట్ల నంబర్లు ఉన్నాయి. కింద ఆయన సంతకం ఉంది.

ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను వెళ్ళానేమో అనిపించింది. వెళ్ళి మర్చిపోయానేమోనని వెతుక్కున్నాను. టైపు కొట్టిన కాగితం, గుండ్రటి ఆఫీసు ముద్ర, నంబర్లు. అంత గట్టిగా చెబుతున్న కాగితం ముందు నా జ్ఞాపకం ఎంత?

కానీ ఆ నవంబరు నేను మర్చిపోయేది కాదు. మా అమ్మ రేపల్లె దగ్గర మా ఊళ్ళో మంచాన పడి ఉంది. తెనాలి నుంచి గంటన్నర దారి. అన్నయ్య ఉత్తరం రాశాడు, నిన్నే కలవరిస్తోంది, కళ్ళు మూసుకోకముందే వచ్చి చూసుకో అని. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను, మాటవరసకి కాదు, నిజంగానే పట్టుకున్నాను. ఆయన పైకి లేపి, ఆడిట్ నడుస్తోంది సుభాషిణీ, కొత్త ఆఫీసరు లీవు ఇవ్వనంటున్నాడు, నేనేం చెయ్యను అన్నారు. ఒక్కదాన్నే వెళతానంటే, పిల్లని వేసుకుని రెండు రోజుల రైలు ప్రయాణం నీవల్ల అవుతుందా అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారని నేనే ఓదార్చాను. ఆ పది రోజులూ పొద్దున్నే లేచి ఏడుస్తూనే వంకాయ కూరో, పప్పో వండి క్యారేజీ కట్టాను. ఆయన ఆఫీసు టైముకే వెళ్ళేవారు. పదిహేనో తారీకున టెలిగ్రాం వచ్చింది. తెలిసినవాళ్ళెవరో విజయవాడ వెళుతుంటే నన్ను వాళ్ళతో పంపారు. నేను ఊరు చేరేసరికి అమ్మ పడుకున్న మంచాన్ని కడిగి ఎండలో నిలబెట్టి ఉంచారు.

ఆ పది రోజులూ ఆయనకి లీవుందా? మరి ఎక్కడికి వెళ్ళారు? నేను కట్టిన క్యారేజీ ఎక్కడ కూర్చుని తిన్నారు? ఈ ప్రశ్నలు నేను పైకే అన్నానో, మనసులో అనుకున్నానో తెలియదు. రేవతి తల వంచుకునే సమాధానం చెప్పింది.

"బేర్ సరాయ్‌లో అమ్మా. నేను చూశాను."

దానికి అప్పుడు పదేళ్ళు. ఒక సాయంత్రం పక్క క్వార్టరు ప్రీతి వాళ్ళ మమ్మీతో కలిసి బేర్ సరాయ్‌లో పాత పుస్తకాలు కొనడానికి వెళ్ళిందట. సందులో, పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళు ఉండే గదుల దగ్గర, దానికి తన డాడీ మెట్టు మీద కూర్చుని పుస్తకం చదువుతూ కనిపించారట. పక్కనే మన క్యారేజీ ఉందట. ఆయన రేవతిని పక్కకి తీసుకెళ్ళి సమోసా కొనిపెట్టి, ప్రమోషన్ పరీక్షకి చదువుకుంటున్నాను, ఇది మనిద్దరి సీక్రెట్, అమ్మకి చెబితే ఏడుస్తుంది అన్నారట.

"నాకు తెలీదమ్మా అప్పుడు. గేమ్ అనుకున్నా. నువ్వు ఊరి నుంచి వచ్చి మాట్లాడడం మానేశావు కదా, అప్పుడు కొంచెం అర్థమైంది. పెద్దయ్యాక మొత్తం అర్థమైంది. నేను చెప్పి ఉంటే నువ్వు అమ్మమ్మని చూసేదానివి."

ఎనిమిదేళ్ళు. నా పక్కన పడుకుంటూ, నాతో జడ వేయించుకుంటూ, నేను అమ్మని తలుచుకుని కళ్ళు తుడుచుకున్న ప్రతిసారీ చూస్తూ, ఈ పిల్ల ఎనిమిదేళ్ళు ఈ మాట మోసింది. ఢిల్లీలోనే కాలేజీలో సీటు వచ్చినా దూరంగా పోతానని ఎందుకు పట్టుబట్టిందో, నేను తోడు వస్తానంటే ముఖం ఎందుకు తిప్పుకునేదో నాకు ఇప్పుడు తెలిసింది. నామోషీ కాదు. ఆరేడు గంటలు నా పక్కన కూర్చోవడానికి దానికి భయం. ఆయన నా దగ్గర దాచింది ఒక ఎత్తు. దాచే పని పదేళ్ళ పిల్లకి అప్పజెప్పి, ఆ తర్వాత హాయిగా మర్చిపోవడం నాకు నమ్మశక్యం కాలేదు. దాని తల ఒళ్ళోకి తీసుకుందామనుకున్నాను. "సమోసా తిన్నావా?" అని మాత్రం అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. సగం తిన్నానంది. అప్పుడు ఏడ్చింది.

చాలాసేపటికి, "డాడీకి నేను చెప్పానని చెప్పకు" అంది. చెప్పనన్నాను. "నువ్వు రా అమ్మా నాతో" అంది. మూడు వారాల్లో అదే మొదటిసారి.

మామగారు నీళ్ళకి పిలిచారు. గ్లాసు పట్టుకుని వెళ్ళి ఆయన్ని చూస్తే నాకు చెప్పలేనంత నవ్వు వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన ఈ మనిషి కూడా రైలెక్కి వెళ్ళొచ్చారు. "మామయ్యా, తొంభై ఒకటిలో మీరు కూడా మన ఊరు వెళ్ళొచ్చారట" అన్నాను. ఆయనకి వంకర తిరిగిన నోటితో మాట సరిగ్గా రాదు. నా ముఖంలోకి చాలాసేపు చూసి, "ఎప్పుడమ్మా? నన్నెవరు తీసుకెళ్ళారు?" అన్నారు. ఆ ముఖంలో ఆశ చూసి నా నవ్వు ఆగిపోయింది. ఆయన కూడా ఒక్క క్షణం వెతుక్కుంటున్నారు, వెళ్ళి మర్చిపోయానేమోనని.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే టీ కప్పు పక్కన కాగితం పెట్టాను. చూశారు. ఫైలు ఎవరు తీయమన్నారు అని అడిగారు. మీరే అన్నాను. ఆయన టీ తాగడం ఆపలేదు. అందరూ చేసేదే అన్నారు, సెక్షన్లో చెయ్యనివాడు ఎవడో చూపించమన్నారు. టిక్కెట్లు కొని, నంబర్లు రాసుకుని, రద్దు చేసుకుంటారట, అదేమీ దొంగతనం కాదట. నేనేమన్నా తాగడానికి వెళ్ళానా, తిరగడానికి వెళ్ళానా, చదువుకున్నాను, ఆ పరీక్ష పాసవబట్టే ఈ రెండు గదుల క్వార్టరు, ఎవరికోసం ఇదంతా అన్నారు. నేను అరవలేదు. ఆయన కూడా అరవలేదు. అదే నాకు ఎక్కువ దిగ్భ్రమ కలిగించింది. ఆయన ముఖంలో సిగ్గు కోసం చూశాను. అర్థం చేసుకోని భార్య దొరికిందన్న నొప్పి తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

"లీవు దొరికిందని నాతో ఒక్క మాట అనాల్సింది" అన్నాను.

"అంటే ఊరు వెళదామని గొడవ చేసేదానివి" అన్నారు, చిన్నపిల్లకి లెక్క నేర్పినట్టు. "నీ ఏడుపు మధ్య నాకు ఒక్క అక్షరం ఎక్కేదా చెప్పు?"

పంతొమ్మిదేళ్ళలో ఆయన నాతో చాలా మాటలు అన్నారు. కొన్నిటికి ఏడ్చాను, కొన్నిటికి నవ్వాను, చాలా మాటలు అంట్లతో పాటే కడిగేసుకున్నాను. ఈ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఇంట్లో చప్పుళ్ళన్నీ ఉన్నట్టుండి చాలా స్పష్టంగా వినిపించాయి. పైవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు. పక్క గదిలో రేవతి సంచిలో ఏదో సర్దుతూ సర్దుతూ ఆగిపోయింది, వింటోంది. నేను అమ్మని చూడకపోవడం ఎవరో కొత్త ఆఫీసరు రాతి గుండె వల్ల జరిగిందని ఎనిమిదేళ్ళు నమ్మాను. ఆ ముక్కూ మొహం తెలియని ఆఫీసర్ని తిట్టుకుంటూ ఆయనకి అన్నం వడ్డించాను.

"శుక్రవారానికి నిజంగానే లీవు దొరకలేదా?" అని అడిగాను.

ఆయన టీవీ వైపు తిరిగారు. అడిగి ఉండరు. లీవు అడిగితే దొరికేది, దొరికితే ఆయన వెళ్ళాలి, లేదా ఇంట్లో ఉండి నన్ను పంపాలి.

"రేవతితో నేను వెళుతున్నాను. మామయ్యగారికి పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం మెత్తగా అన్నం. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుళ్ళు పడుతుంది. మీరు లీవు పెట్టండి."

"నీకేమన్నా పిచ్చా? ఆఫీసులో ఏం చెప్పను?"

"ఏదో ఒకటి రాయండి. నేను వెళ్ళనప్పుడు వెళ్ళానని రాశారు కదా. ఇప్పుడు వెళుతున్నాను. వెళ్ళలేదని రాసుకోండి."

ఆయన కప్పు కింద పెట్టారు. నన్ను చూశారు. లేసులు కట్టుకుంటూ కాదు, పేపరు పక్కకి జరిపి కాదు, ఊరికే, నన్నే చూశారు. ఆ చూపులో మొదటిసారి ఒక చిన్న భయం కనిపించింది. పక్క గదిలోంచి మామగారు ఎవరినో పిలుస్తున్నారు. నేను కదల్లేదు. ఆయనే లేచారు, గుమ్మం దగ్గర ఆగారు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

శనివారం సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పడానికే నోరు తెరిచాను. "తెలియదు" అని వచ్చింది. అన్నాక ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే అది ఆయన్ని బెదిరించడానికి అన్నది కాదు. నాకు నిజంగానే తెలియదు.