నీలమ్మ నవ్వు ఫొటో

నా రష్యా కెమెరాలో చూపుకు రెండు దారులు ఉన్నాయి. పైనున్న చిన్న కిటికీలోంచి నేను చూస్తాను. ముందున్న లెన్సులోంచి ఫిల్ము చూస్తుంది. ఆ రోజుల్లో మా సినిమా యూనిట్లో అందరూ వాడే కెమెరాలలో ఈ రెండూ ఒకటే దారి. లెన్సు చూసేదాన్నే లోపలి అద్దం కంటికి చూపిస్తుంది, మీట నొక్కగానే పైకి లేస్తుంది, ఆ క్షణం కన్ను చీకటవుతుంది. నా దానిలో ఆ చీకటి లేదు. ఫొటో పడే క్షణంలో కూడా మనిషి కనిపిస్తూనే ఉంటాడు. ఈ ఒక్క గుణాన్ని చూసుకుని నేను చాలాకాలం గర్వపడ్డాను.

రెండువేల సంవత్సరంలో ఫిల్మ్‌నగర్ బంగళా ఒకదానిలో షూటింగు జరుగుతోంది. నేను స్టిల్ ఫొటోగ్రాఫర్ని. మాదాపూర్ వైపు అద్దాల భవనాలు లేస్తున్న కాలం కనుక మా కథలో హీరో కూడా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అతనికి తల్లి లేదు. అంటే ఆమె గోడ మీద, దండ వేసిన ఫొటోలో ఉంటుంది. ఆ పాత్రకు నటి అక్కర్లేదు, ముఖం చాలు. జూనియర్ ఆర్టిస్టులను పంపే కృష్ణానగర్ ఏజెంటు ఓదెలు ఆ ముఖాన్ని తెచ్చాడు. పేరు నీలమ్మ, ఇల్లు బోరబండలో. పెళ్లి సీన్లలో, బస్టాండు సీన్లలో, గుంపులో పన్నెండేళ్లుగా నిలబడుతున్న మనిషి. ఒంటరిగా ఫొటోలో నిలవడం అదే మొదలు.

మా యూనిట్లో ఒక పద్ధతి ఉండేది. దండ వేయడానికి ఫొటో దిగిన మనిషికి, షూటింగు జరిగే ఇంటి గేటు దాటకముందే, నవ్వుతూ ఉండగా మరొక ఫొటో తీయాలి. దాని ప్రింటు ఆ మనిషి చేతికి ఇవ్వాలి. మొదటి ఫొటో చెప్పిన అబద్ధాన్ని రెండోది కొట్టివేస్తుందని నమ్మకం. నేను నమ్మేవాణ్ణి కాను. అయినా ప్రతిసారీ తీసేవాణ్ణి.

ఆ రోజు కంపెనీ కెమెరాలో రోలు దండ ఫొటోతోనే అయిపోయింది. నవ్వు ఫొటో నా కెమెరాతో తీస్తానన్నాను. అసిస్టెంటు డైరెక్టర్లు నవ్వారు.

“రాఘవయ్య గారూ, ఆ డబ్బాని మ్యూజియంలో ఇచ్చేయకూడదాండీ?”

“మీ కెమెరాలు సరిగ్గా చూడవలసిన క్షణంలో కళ్లు మూసుకుంటాయి. ఇది మూసుకోదు. చూడటమంటే ఏమిటో దీన్ని పట్టుకుంటే తెలుస్తుంది,” అన్నాను. ఇంకా చాలా చెప్పాను. కొంత నేను చదివిన పుస్తకాల్లోది, కొంత నా సొంతం.

పెరట్లో వేపచెట్టు నీడలో నీలమ్మను నిలబెట్టాను. ఆమె చేతులు కట్టుకుని బిగుసుకుపోయింది.

“ఏందే నీలమ్మక్కా, సచ్చినంక గూడ గింత సిగ్గా?” అన్నాడు ఓదెలు. “హీరోకు తల్లివైనవ్. గియ్యాల్లన్న బోరబండకు బస్సుల పోకు, ఆటోల పో.”

“గట్లయితె నా కొడుకును పిలువు. ఆటో కిరాయి ఆడే ఇస్తడు,” అన్నది ఆమె.

అని తన మాటకు తానే నవ్వింది. ఈ కెమెరాలో మనిషి మొదట ఇద్దరుగా, ఒకరి పక్కన ఒకరు మసకగా కనిపిస్తాడు. లెన్సు చుట్టూ ఉన్న వలయం తిప్పితే ఇద్దరూ జరిగి ఒక్కరవుతారు. ఇద్దరు నీలమ్మలు ఒక్క నీలమ్మ అయిన సరిగ్గా ఆ క్షణంలో మీట నొక్కాను. పై పెదవి ఒక పక్కకు లేచింది, కుడికన్ను సగం మూతపడింది, ఆకుల సందులోంచి ముక్కుపుడక మీద ఎండ పడింది. అంత స్పష్టంగా నేను మరొక ముఖాన్ని చూడలేదు.

“మంచిగొచ్చిందా సారూ?”

“చాలా బాగా వచ్చిందమ్మా.”

ఆమె నల్లా దగ్గరికి వెళ్లి ముఖానికి రాసిన రంగు కడుక్కోసాగింది. నేను లెన్సు మూత కోసం జేబులో చెయ్యి పెట్టాను. లేదు. రెండో జేబులో చూశాను. తర్వాత కెమెరా కేసి చూశాను. మూత లెన్సుకే ఉంది. జనరేటరు బండి వచ్చినప్పుడు దుమ్ము పడకుండా నేనే పెట్టాను. అద్దం ఉన్న కెమెరా అయితే కన్ను పెట్టగానే చీకటి కనిపించి తప్పు తెలిసిపోయేది. నా కెమెరా నాకు అంతా చూపించింది, తాను మాత్రం ఏమీ చూడలేదు.

నీలమ్మ పది అడుగుల దూరంలో ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. పిలిస్తే వస్తుంది. మెట్ల మీద ఆ అసిస్టెంటు డైరెక్టర్లు టీ తాగుతున్నారు. చూడటం గురించి పావుగంట ఉపన్యాసం చెప్పినవాడు మూత తీయలేదని తెలిస్తే ఆ కథ సాయంత్రానికి కృష్ణానగర్ అంతా తిరుగుతుంది. ఆమె చెప్పులు వేసుకుంది. నేను మూతను అరచేతితో కప్పి నిలబడ్డాను. ఆమె గేటు దాటింది.

తెలియక చేసినది తప్పు కాదని నా పుస్తకాలు చాలా చోట్ల చెప్పాయి. ఆ వాక్యాల కింద గీతలు కూడా గీసుకున్నాను. తెలిసిన తర్వాత నోరు విప్పకపోవడం గురించి కూడా అవి చెప్పే ఉంటాయి. అక్కడ గీతలు లేవు.

ఆ రోలును మరునాడే కడిగాను, ఏదో జరిగి ఉండవచ్చన్నట్టు. నెగెటివులో ఆ గడి ఏమీ పడకుండా గాజులా శుభ్రంగా ఉంది.

వారం తర్వాత ఆమె కృష్ణానగర్‌లో నా గదికి వచ్చింది.

“సారూ, నా నవ్వు ఏమాయె?”

“ల్యాబులో రోలు పాడైందమ్మా.”

“దండది మంచిగొచ్చిందంట గద. నవ్విందే పాడైందా?”

“అది వేరే రోలు. కూర్చో, ఇప్పుడే ఇంకొకటి తీస్తాను.”

ఆమె గుమ్మంలోనే ఉండిపోయింది. “గా ఇల్లు దాటకముందే తియ్యాలె గద సారూ. గేటు దాటినంక నవ్వితె ఏం ఫాయిద?” నన్ను ఓదారుస్తున్నట్టు, “పోనియ్యిండ్రి, మీరేం జేస్తరు. ల్యాబోల్లకు నడుములిరగ,” అని వెళ్లిపోయింది.

ఎవరో ల్యాబు మనిషి, నా బదులు, ఆ తిట్టు తిన్నాడు.

సినిమా బాగా ఆడింది. కష్టం వచ్చినప్పుడల్లా హీరో గోడ దగ్గర నిలబడి తల్లితో మాట్లాడతాడు. నీలమ్మ ముఖం తెర నిండా, దండతో. మూడు నెలల తర్వాత టీ కొట్టు దగ్గర ఓదెలు కనిపిస్తే ఆమె గురించి అడిగాను.

“యాడ పిలుస్త సారూ? ముఖం అందరికి ఎరుకైపాయె. మొన్న పెండ్లి సీన్ల కూసోబెడితె డైరెక్టరు లేపిండు. ‘హీరో తల్లి బతికొచ్చిందా’ అని సెట్టంత ఒకటే నవ్వుడు. గుంపుల నిలవడేటోళ్లకు ముఖం ఉండొద్దు సారూ. గామెకేమొ నవ్వు ఫొటో రాకనే గిట్లయిందని రంది.”

ఆమె అనుకున్న కారణం తప్పని నాకు తెలుసు. పని పోవడానికి కారణం దండ ఫొటో బాగా రావడం, నవ్వు ఫొటో రాకపోవడం కాదు. ఈ తర్కం కొన్ని నెలలు నాకు ఊరటనిచ్చింది. కాని ఆమె నన్ను కారణం అడగలేదు. తన ఫొటో అడిగింది.

తర్వాతి నాలుగేళ్లలో సెట్ల మీదికి డిజిటల్ కెమెరాలు వచ్చాయి, వాటితో కుర్రవాళ్లూ వచ్చారు. నేనూ ఒకటి కొని, అడిగినవాళ్ల దగ్గరికల్లా వెళ్లసాగాను. అలా ఒకరోజు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లాను. అక్కడ ఊడ్చి తుడిచే నలభై మందికి గుర్తింపు కార్డుల ఫొటోలు తీయాలి. ఆఫీసు వ్యవహారాలు చూసే భువన అనే అమ్మాయి తెల్ల గోడ ముందు కుర్చీ వేయించింది.

“సర్, ఎవరూ నవ్వకూడదండీ. కార్డుకి ప్లెయిన్ ఫేస్ ఉండాలి, రూల్.”

పంతొమ్మిదో మనిషి నీలమ్మ. నీలం రంగు కోటు, నెత్తిన వలటోపీ. నన్ను చూసి గుర్తుపట్టింది, వచ్చి కుర్చీలో కూర్చుంది. భువనకు ఫోను వచ్చి పక్క గదిలోకి వెళ్లింది. నేను కుర్చీ దగ్గరికి వెళ్లి, వలటోపీ సరిచేస్తున్నట్టు వంగాను.

“నీలమ్మా, ల్యాబువాళ్ల తప్పు కాదు. ఆ రోజు లెన్సు మూత తీయలేదు. నేనే తీయలేదు.”

ఆమె నా చేతుల కేసి చూసింది.

“ఎప్పుడెరుకైంది మీకు?”

“అప్పుడే. నువ్వు నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నావు.”

“అంటే నేను గాడనే ఉంటి.”

“ఉన్నావు.”

“పిలిస్తె రాకపోతుంటినా సారూ? మల్లొకపారి నవ్వకపోతుంటినా?” ఆమె గొంతు పెంచలేదు. “నవ్వనీకి నాకేం కష్టం? నాలుగేండ్లాయె, ఏం పాపం జేస్తినని దేవుని అడుగుతున్న.”

సంచిలో రష్యా కెమెరా ఉంది. నేను దాన్ని ఎప్పుడూ వెంట తీసుకువెళ్తాను. బయటికి తీశాను. మూత తీసి, ఆమెకు కనిపించేలా బల్ల మీద పెట్టాను.

“ఇప్పుడొకటి తీస్తానమ్మా. ఒక్కటే. నవ్వు.”

“మేడం నవ్వొద్దన్నరు గద,” అన్నది నీలమ్మ. “అది లోపల పెట్టుండ్రి. నాకు రెండో అంతస్తు తుడిచేదుంది.”

భువన తిరిగి వచ్చింది. నేను డిజిటల్ కెమెరా అందుకున్నాను. నీలమ్మ వీపు నిటారుగా చేసి, చేతులు ఒడిలో పెట్టుకుని, సరిగ్గా లెన్సులోకి చూసింది.

“సారూ,” అన్నది, గది మొత్తానికి వినపడేలా. “దీనికి మూత తీసిండ్రా?”

తీసే ఉంది. దాని తెర మీద ఆమె ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. అయినా నా చెయ్యి తనంతట తానే వెళ్లి లెన్సు అంచును తడిమి చూసింది. వరసలో నిలబడ్డవాళ్లందరూ నవ్వారు. భువన కూడా నవ్వింది.

నీలమ్మ నవ్వలేదు. నేను మీట నొక్కాను.