ఒక్కదానికే తాళంచెవి

చొక్కాలు కుట్టే షెడ్డులో, ఇస్త్రీ బల్ల దగ్గర అక్క కూలబడింది. ఇస్త్రీపెట్టె బల్లమీదే ఉండిపోయి, కింద కొత్త చొక్కా కాలి పొగ లేచింది. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ముందు చొక్కా తీశాడు. మనిషిని కాదు!

చెల్లెలు కాజాల మిషను వదిలేసి వచ్చి అక్క తల ఒళ్లో పెట్టుకుంది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"నీళ్లు! ఎవరైనా నీళ్లు తెండి!"

"తాగించు, తాగించు. తాగాక బాత్రూమంటూ నా ప్రాణం తియ్యకండి," అన్నాడు సూపర్‌వైజరు.

బాత్రూము తాళంచెవి అతని మొలకి వేలాడుతుంది. మధ్యాహ్నం తిండివేళ తప్ప తలుపు తెరవడు. అందుకే షెడ్డులో ఆడవాళ్లంతా నోరు తడుపుకోవడమే గానీ నీళ్లు తాగరు. "పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు తెలుసా!" అని గొప్పలు కూడా! నడుం నొప్పంటే, తలనొప్పంటే సూపర్‌వైజరు జేబులోంచి తెల్ల మాత్ర తీసిస్తాడు. మాత్రల విషయంలో మాత్రం మహానుభావుడి చేతికి ఎముక లేదు.

ఆ దాహమూ ఆ మాత్రలూ కలిసే లోగడ చెల్లెలి కిడ్నీలు రెండింటినీ మింగేశాయి. కాళ్లు వాచాయి, అన్నం సయించలేదు. నీరసమేలే అనుకుంది. తెలిసేసరికి రక్తం కడిగే మిషనుకి కట్టుబడిపోయింది. అప్పుడు అక్క తన కిడ్నీ ఒకటి తీసి ఇచ్చింది. బతికున్నన్నాళ్లూ చెల్లెలు పూటపూటా మందులు వేసుకోవాలి, లేకపోతే పరాయిదని ఒళ్లే దానిమీద తిరగబడుతుంది. కడుపునిండా నీళ్లు తాగాలి. ఇక అక్కకి మిగిలింది ఒక్కటే. ఇప్పుడు ఈ షెడ్డు దాని మీద పడింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "ఈసారికి గండం గడిచింది. మళ్లీ ఇలా ఎండిపోయి ఆ మాత్రలు మింగితే, ఉన్నది కూడా పోతుంది."

మర్నాడు తిండివేళ చెల్లెలు కుళాయి దగ్గర అందర్నీ ఆపి, కడుపునిండా నీళ్లు తాగండి, ఆ మాత్రలు మానండి అంది.

"నీ జబ్బు మాకెందుకే అంటగడతావు?" అంది గుండీలు కుట్టే పిన్ని.

"పిన్నీ, ఏదీ కాలు చూపించు." చెల్లెలు వేలితో నొక్కింది. పడిన గుంట అలాగే ఉండిపోయింది. "నాకూ ఇలాగే మొదలైంది. పరీక్ష చేయించుకో."

పిన్ని గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది.

"తలుపు తియ్యమని అడిగితే పనిలోంచి తీసేస్తాడే తల్లీ!" అంది ఒకామె.

"ఒక్కదాన్ని అడిగితే తీసేస్తాడు. అందరం తాగేసి కూర్చుంటే?"

"సమ్మె అంటే పని మానేస్తారు గానీ, నీళ్లు తాగడమేంటే!" అని ఎవరో నవ్వారు. నవ్వారే గానీ కాదనలేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్ల బకెట్టు మిషన్ల వరస వెంట నడిచింది. ఒకరి చేతిలోంచి ఒకరికి గ్లాసు. ఎండ ముదిరేసరికి మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్లంతా బాత్రూము తలుపు ముందు నిలబడ్డారు.

"పోండి పనిలోకి! ఒళ్లు కొవ్వెక్కిందా?" సూపర్‌వైజరు గొంతు చించుకున్నాడు.

"తలుపు తీస్తావా నాయనా, ఇక్కడే కానిచ్చెయ్యమంటావా?" అంది పిన్ని. "నీ చొక్కాల మూటలు కూడా పక్కనే ఉన్నాయి మరి!"

షెడ్డంతా ఘొల్లుమంది. ఆ నవ్వుకే కాబోలు, యజమాని గదిలోంచి దిగొచ్చాడు. సూపర్‌వైజరు మొలలోని తాళంచెవి లాక్కుని, తేనె పూసిన గొంతుతో చెల్లెలితో అన్నాడు.

"ఆపరేషనైన మనిషివి, నీ బాధ నాకు తెలీదామ్మా? ఇదిగో, నీ ఒక్కదానికే తాళంచెవి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లు. వీళ్లని మాత్రం పనిలోకి పొమ్మను."

చెల్లెలికి పొత్తికడుపు పగిలిపోతోంది. కుట్ల దగ్గర సలుపు. భయమేసింది, బాగా భయమేసింది. లోపలున్నది అక్క ఇచ్చిన ప్రాణం. పని పోతే మందులెక్కడివి? మందుల్లేకపోతే అక్క కోయించుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరే.

చెయ్యి చాపి తాళంచెవి తీసుకుంది.

"చూశారా! తన దారి తను చూసుకుంది!" వెనక ఎవరో పళ్లు కొరికారు.

చెల్లెలు తలుపు తెరిచింది. పిన్ని రెక్క పట్టుకుని లోపలికి తోసింది.

"ముందు నువ్వు పద పిన్నీ. తర్వాత మీరు. నేను ఆఖర్న వెళ్తాను."

యజమాని అరుస్తూనే ఉన్నాడు. వరస కదులుతూనే ఉంది. చెల్లెలు గోడకి ఆనుకుని నిలబడింది. అందరూ అయ్యాక లోపలికెళ్లింది. బకెట్టెడు నీళ్లు కొట్టిన చప్పుడైంది. ఉత్త చేతులతో బయటికొచ్చింది.

"తాళంచెవేదీ?" అన్నాడు యజమాని.

"తాళంతో సహా గుంటలో పడేశా. కావాలంటే దిగి వెతుక్కో."

"నువ్వు పనిలో లేవు! నడు బయటికి! పోలీసుల్ని పిలవండ్రా!"

చెల్లెలు కుళాయి దగ్గరికెళ్లి గ్లాసు నింపింది. గుక్క తిప్పుకోకుండా, అతని మొహంలోకి చూస్తూ తాగింది. పిన్ని వచ్చి ఆమె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనకే తక్కినవాళ్లూ కూర్చున్నారు.

"దీన్ని తీసేస్తే మిషన్లన్నీ నువ్వే తొక్కుకో," అంది పిన్ని. "పోలీసుల్ని కూడా రానీ. ఎండన పడి వస్తారు పాపం, వాళ్లకీ నీళ్లిద్దాం."

గేటు దగ్గర పోలీసు జీపు హారను మోగింది. అప్పుడే పక్క షెడ్డులో మిషన్ల హోరు ఆగిపోయింది. కిటికీ చువ్వల్లోంచి ఓ ఆడగొంతు కేకేసింది.

"ఏమేవ్! ఆ బకెట్టు ఇటు కూడా పంపండే!"