వెండి చేరాక పలికిన పొర

నేను ఒక కర్బనపు పొరను. గ్రాఫీన్ అంటారు. మీ పెన్సిల్ ముల్లులో నాలాంటివి లక్షలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి, వాటినెవరూ పట్టించుకోరు. నన్ను మాత్రం గాలి లేని ఉక్కు గదిలో, ఎర్రగా కాలిన నికెల్ బిళ్ల మీద పుట్టించారు.

లేజరు వెలుగు పడితే మేం కంపిస్తాం. ఆ కంపనం కంప్యూటరు తెరమీద శిఖరంలా లేస్తుంది. మా మాట అంతే. కానీ నికెల్ నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే, తెరమీద గీత చదునుగానే ఉండిపోయింది.

నన్ను పుట్టించింది నాగవేణి, ఆరేళ్లుగా ఆ లాబ్‌లో పరిశోధన చేస్తున్న అమ్మాయి. నికెల్ మీద గ్రాఫీన్ చక్కగా పలుకుతుందని పేపరు రాసి పేరు తెచ్చుకున్నవారు ఆమె గైడు సోమశేఖరంగారు. అందుకని పలకకపోతే తప్పు నాగవేణిదే. నాకు ముందు మూడు పొరలను 'శాంపిల్ పాడైంది' అని లాగ్‌బుక్‌లో రాసి బిళ్ల మీంచి గీకేసింది. మనుషులకు అచ్చయిన కాగితం మీదున్న నమ్మకం కళ్లెదుట ఉన్నదాని మీద ఉండదు.

నా దగ్గరికొచ్చేసరికి విసిగిపోయి, నామీద కాస్త వెండి ఆవిరి పట్టించి వేడిచేసింది. వెండి మెల్లగా నా కిందికి దూరింది. నికెల్ పట్టు వదిలింది. శిఖరం లేచింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. నాగవేణి మాత్రం గైడుగారి పాత గ్రాఫు పక్కన పెట్టుకుని చూసింది. రెండూ ఒకటే. పాత లాగ్‌బుక్ తిరగేస్తే, ఆయన శాంపిల్‌కు ముందురోజు అదే గదిలో ఎవరో వెండిని ఆవిరి చేశారని ఉంది.

"సార్, వట్టి నికెల్ మీద ఇది పలకట్లేదండి. మీ శాంపిల్ కిందా వెండి చేరే ఉంటుందండి," అంది ఆయనతో.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ పేపరు మీదే కదమ్మా ఈ లాబ్ నిలబడింది. వెండి మాట రాయకు. ఈ గ్రాఫు పెట్టేసి వచ్చే నెల థీసిస్ ఇచ్చేద్దువుగాని."

ఆరేళ్లయింది ఆమెకు. "సరేనండి," అంది.

నికెల్ బిళ్లను మళ్లీ మళ్లీ వాడుకుంటారు. అందుకని ఆర్గాన్ వాయువు కణాలతో కొట్టి నన్ను గీకేస్తున్నారు. పూర్తిగా పోవడానికి అరగంట పడుతుంది. ఈ మాటలు ఆ అరగంటలోవే. నా కింద వెండి ఉందని చూపించడానికి ఇక ఏమీ మిగలదు.

నాగవేణి తలొంచుకుని లాగ్‌బుక్‌లో రాస్తోంది: 'నాలుగో శాంపిల్. నికెల్ మీద గ్రాఫీన్. సిగ్నల్ బాగుంది.'

ఇంకో ఏడాది ఇంకో అమ్మాయి వస్తుంది. ఈ బిళ్ల మీదే ఇంకో పొరను పుట్టిస్తుంది. అది పలకదు. అప్పుడు ఆ అమ్మాయికి నా గ్రాఫు తీసి చూపిస్తారు.