ఈ గది దాటదు

రాజోలు మెయిన్ రోడ్డు మీద, మెట్లెక్కితే ఒకే ఒక్క గది, మా సహాయ కేంద్రం. గల్ఫ్ వెళ్లి ఇరుక్కుపోయిన ఆడవాళ్ల తరఫున అర్జీలు రాసిపెట్టడం నా పని. ‘ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు’ అని ఎర్ర స్కెచ్‌తో నేనే రాసి గోడకి అంటించాను. నిన్న ఆ కాగితాన్ని నేనే చించేశాను. ఎందుకో చెప్తే గాని నా కడుపుమంట చల్లారదు.

ఎంబసీకి అర్జీ ఇంగ్లీషులో వెళ్లాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంటర్నెట్‌లో రాసిపెట్టే ఏఐలు బోలెడున్నాయి గానీ, వీళ్ల కన్నీళ్లు తీసుకెళ్లి ఎవరి సర్వర్లోనో పోయడానికి నాకు మనసొప్పలేదు. మా కంప్యూటర్లోనే ఉండి, అక్కడే పనిచేసే ఏఐ మోడల్ ఒకటి పెట్టుకుందామనుకున్నాను. ఇన్‌స్టాల్ నొక్కగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది.

ఆ కంప్యూటర్ బిగించి ఇచ్చింది కింద షాపు భాస్కర్. మా అన్నయ్య స్నేహితుడు. నేనూ అన్నయ్యా అనే పిలుస్తాను.

“ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో పోయిందే సత్యా, నాకే గుర్తు లేదు. అయినా అడ్మినెందుకు? జిప్ ఫైలు దింపుకుని నీ ఫోల్డర్లోనే విప్పుకో, అక్కణ్నించే నడుపుకో. నీ పొయ్యి నువ్వు వెలిగించుకోడానికి మునసబుగారి పర్మిషన్ కావాలేటి?” అన్నాడు.

పక్కన కుర్చీ వేసుకుని ఒక్కో లైనూ చెప్పాడు, నేను కొట్టాను. ఒక లైన్లో అన్నీ సున్నాలే. ఇవెందుకంటే, “సున్నాలేగా, ఏమవుద్ది?” అని నవ్వాడు. వాడేది నువ్వొక్కదానివేగా, లాగిన్ కూడా వద్దులే అన్నాడు. అప్పుడే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: ఇదే వైఫైలో ఉన్న మిగతావాళ్లని కూడా లోపలికి రానివ్వాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టమని. మా బిల్డింగంతటికీ బోరు నీళ్లు ఒకటే, వైఫై ఒకటే. భాస్కర్ షాపు పక్క గదిలో ఉండేది గల్ఫ్ ఏజెంటు అమ్మిరాజు గారు. నేను వద్దని నొక్కేశాను. హమ్మయ్య, తలుపు మూశాననుకున్నాను.

ఆ తర్వాత భాస్కరే పైకొచ్చి, మిషన్లో దుమ్ము దులుపుతాను, నువ్వెళ్లి టీ తాగి రా అన్నాడు. ఎంత మంచివాడో అనుకుంటూ వెళ్లి తాగొచ్చాను.

మోడల్ ముసలెద్దులా నడిచేది, కానీ నడిచేది. దానితో రాయించిన మొదటి పెద్ద అర్జీ బుచ్చమ్మగారిది. సఖినేటిపల్లి దగ్గర కొబ్బరికాయల కొట్టులో పనిచేస్తుంది. కూతురు రేవతిని కువైట్‌లో వంటపనికి పంపింది అమ్మిరాజు గారే. అక్కడ పాస్‌పోర్టు లాక్కున్నారు, ఇల్లు కదలనివ్వరు.

“బియ్యం డబ్బాలో ఫోను దాచుకుందమ్మా. శుక్రవారం ఇంటోళ్లు బయటికెళ్తే నాకు చేస్తది,” అని, బుచ్చమ్మగారు కంప్యూటర్ వైపు అనుమానంగా చూసింది. “ఇదెవరికైనా చెప్పేత్తదా?”

“చెప్పదండీ. ఈ గది దాటదు.”

ఆవిడ చెప్పిందంతా చెప్పినట్టే కొట్టాను, ఇంటిపేరుతో సహా. ఇంగ్లీషులోకి వచ్చాక బియ్యం డబ్బా మాట తీసేసి, మిగతాది ఎంబసీకి పంపాను. వాళ్లు జవాబిచ్చారు కూడా: రేవతితో ఒకసారి మాట్లాడాలి, నంబరు ఇవ్వండి అని. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, ఆనందంతో.

నంబరు కలవలేదు. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఈలోగా బుచ్చమ్మగారు పరుగున వచ్చింది.

“అమ్మిరాజుగారు మా ఇంటికొచ్చేరమ్మా. మజ్జిగ అడిగి తాగేరు. ‘బుచ్చమ్మగారూ, బియ్యం డబ్బాలో ఫోను పెడితే బియ్యం పాడైపోవాండీ?’ అన్నారు నవ్వుతా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు తల్లీ.”

ఆ మాట అర్జీలో లేదు. ఉన్నది నా కంప్యూటర్లోనే. ఆవిణ్ని కూర్చోమని, సెల్‌ఫోను పట్టుకుని మెట్లు దిగాను. అమ్మిరాజు గారి గది ముందు నిలబడి, వైఫైలో మా కంప్యూటర్ అడ్రసు కొట్టాను. ఎవరు నువ్వని కూడా అడక్కుండా పేజీ తెరుచుకుంది. రేవతి కథంతా అక్కడే ఉంది, వాళ్ల ఇంటిపేరుతో సహా. ఆ సున్నాలు ఇందుకే, వైఫైలో ఎవరొచ్చినా రానివ్వమని; పైగా నేను మూసిన తలుపును ఎవరో తీశారు. పాస్‌వర్డ్ లేకుండా అది తెరుచుకోదు.

షాపులోకి వెళ్లాను. “అన్నయ్యా, పాస్‌వర్డ్ ఎప్పుడు దొరికింది?”

భాస్కర్ తేలు కుట్టిన దొంగలా ఏదో ఫోను విప్పుతూనే ఉన్నాడు. “ఏ పాస్‌వర్డే? పర్మిషన్ లేకుండా ఆఫీసు మిషన్లో అదంతా పెట్టింది నువ్వు. మీ సెక్రటరీ ప్రకాశరావుగారికి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటదా?”

“నేర్పింది నువ్వు కాదా?”

విప్పుతున్న ఫోను పక్కన పెట్టి గొంతు తగ్గించాడు. “అమ్మిరాజుగారు నాకు దోహాలో ఉద్యోగం చూస్తున్నారే. అంత పెద్దాయన అడిగితే ఎలా కాదంటాను? ఫోను తీసుకుంటారంతే, పిల్లని ఏం చెయ్యరులే అన్నారు.”

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు. చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. ఇన్నాళ్లూ అన్నయ్యా అని పిలిచిన నోరు చేదెక్కిపోయింది.

పైకొచ్చి వైరు పీకేశాను. బుచ్చమ్మగారికి దాచకుండా అంతా చెప్పాను. సున్నాలూ వైఫైలూ ఆవిడకి అర్థం కాలేదు. నేను నమ్మినవాడు నన్ను మోసం చేశాడనీ, మునిగింది మాత్రం రేవతి అనీ అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఫోను సంగతి ఎవరికీ చెప్పకే అమ్మా అని ఏడిసిందమ్మా అది,” అంది, తన ఫోను చేతిలోకి తీసుకుంటూ. “నేనే అన్నాను, సత్యదుర్గమ్మ మన పిల్లేనే, నీకేం భయం లేదు అని. నేనే ధైర్యం చెప్పేను.”

లేచి గోడ మీది కాగితం చించేశాను.

బుచ్చమ్మగారు ఫోను గుప్పిట్లో పట్టుకునే మెట్లు దిగింది. ఆ రోజు శుక్రవారం.