పెంకులు తీసిన ఇల్లు

దేవరుప్పుల పక్క ఊళ్లో ఎలుకలు రాలడం మొదలైన మూడో నాటికి ఊరు ఊరంతా చేలల్లోకి తరలిపోయింది. పోయేముందు ఎవరింటి పెంకులు వాళ్లు తీసేశారు, ఎండ లోపల పడితే ప్లేగు రోగం చస్తుందని. రజాకార్లకు భయపడి కూడా కదలని ముసలాళ్లు ఎలుకలకు భయపడి కదిలారు మరి! గడీలోని ఎలుకలు, గుడిసెల్లోని ఎలుకలు ఒకే తీరుగా చచ్చాయి. దొరతనం వాటికి తెలిసినట్టు లేదు.

కొమురవ్వ మాత్రం కదల్లేదు. పెంకులూ తీయలేదు. అటుక మీద ఆమె కొడుకు ఐలయ్య దాగి ఉన్నాడు. దళం మనిషి. పిక్కలోంచి తూటా దూసుకుపోతే వారం కిందట ఇల్లు చేరాడు. ఈ పొద్దుగూకే వేళకు దళం వాళ్లొచ్చి భూపాలపల్లి అడవుల్లోకి మోసుకుపోతారు.

మధ్యాహ్నం కట్టు మార్చబోతే ఒళ్లు కాలిపోతోంది. గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ళ.

"కాలికి దెబ్బ తగిలితే బిళ్ళ కట్టదా అవ్వా? గిదేమన్న కొత్తనా?" అన్నాడు ఐలయ్య.

నిజమే, ముల్లు గుచ్చుకున్నా కడుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఆమె నాయిన కూడా అదే మాటన్నాడు. తమ్ముడు లింగయ్య గజ్జల్లోది ముల్లు బిళ్ళేనని ఆముదం రాసి, అందరి మధ్యా పడుకోబెట్టాడు. తొమ్మిది రోజుల్లో ఆ ఇంట్లో కొమురవ్వ ఒక్కతే మిగిలింది. తర్వాత ప్లేగు పోయిందన్నారు. ఎక్కడికి పోయింది? ఏ కన్నంలోనో ముడుచుకుని పడుకుంది.

గోడకు ఆనుకుంటే కన్ను మూతపడింది. కప్పు మీద లింగయ్య కూర్చుని ఒక్కో పెంకూ తీస్తున్నాడు. తీసినచోటల్లా ఎండ ముక్క కింద పడుతోంది. "జర జరుగు అక్కా" అంటున్నాడు. ఎంత జరిగినా ఎండ ఆమె మీదే పడుతోంది.

మెలకువ వచ్చేసరికి వాకిట్లో దళం మనిషి దుర్గయ్య, ఇంకో ఇద్దరు, డోలీ. కొమురవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"లోపలికి రాకుండ్రి. వానికి బిళ్ళ కట్టింది."

"కాలి దెబ్బకు కట్టిందేమో అవ్వా" అన్నాడు దుర్గయ్య.

"కావచ్చు. కాకుంటే? మీ దళంల ఇరవై మంది ఉన్నరు."

"రజాకార్లొస్తే నీ కొడుకు దక్కడు."

"నాకెరుక లేదా?" అంటూనే ఏడ్చేసింది. "మూడొద్దులు ఆగి రాండ్రి. అప్పటికి తేలుతది."

వాళ్లు వెళ్లిపోయారు. అటుక మీంచి అంతా విన్న ఐలయ్య ఆ పూట తల్లి ఇచ్చిన గంజి ముట్టలేదు.

తెల్లారి కొడుకును కిందికి దించి, తానే కప్పెక్కి పెంకులు తీసింది. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియదు. ఇంట్లోకి ఆకాశం దిగింది. మబ్బు నీడలు గంజి కుండ మీదుగా, కొడుకు ముఖం మీదుగా నెమ్మదిగా పోయేవి. రజాకార్ల లారీ పొలిమేర దాకా వచ్చి, కప్పుల్లేని ఇళ్లను చూసి వెనక్కి తిరిగింది. అది నిజమో కలో కూడా ఆమె తేల్చుకోలేదు.

మూడో రోజు జ్వరం జారింది. బిళ్ళ కరిగింది. ఐలయ్య రెండు ముంతల గంజి తాగి నవ్వాడు.

"చూసినవా? అంత నీ భయమే!"

కొమురవ్వ కూడా మనసారా నవ్వింది. ముంత కడగబోయి చెయ్యెత్తితే చంకలో కలుక్కుమంది. తడిమి చూసుకుంటే బిళ్ళ. చేతికి ముల్లు లేదు, గాయం లేదు.

అంతలో వాకిట్లో దుర్గయ్య పిలిచాడు. కొమురవ్వ వెనక్కి వెనక్కి నడిచి మూల గోడకు చేరింది.

"ఆ గొంగడి ఈడనే ఇడిసి పో కొడుకా. దుర్గయ్యా, ఎందుకన్న మంచిది, ఇంకో వారం వీణ్ని ఎడంగ ఉంచుండ్రి."

కుంటుకుంటూ ఐలయ్య ఆమె కాళ్లు మొక్కడానికి రాబోయాడు.

"ఆడనే ఆగు!" అని గసిరింది. జన్మలో ఎన్నడూ వాణ్ని అలా గసిరి ఎరగదు.

"ఏందవ్వా? నువ్వు రావా?"

"నేను చేనుకాడికి పోత. మందిల కలుస్త. పో బిడ్డా, పొద్దుపోతది."

ఐలయ్య డోలీ ఎక్కాడు. కొమురవ్వ తలుపు మూసి లోపల గడియ పెట్టుకుంది. వాళ్ల అడుగుల చప్పుడు వినిపించినంతసేపూ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తర్వాత గొంతు విడిచి ఏడ్చింది.