నీళ్ళలో ‘మీరు’ లేదు

కుడి కాలు ఎక్కింది. ఎడమది మోకాలి కిందే మొండికేసింది. హిల్కె టామెన్ మంచం అంచున కూర్చుని, బొడిపెలున్న రబ్బరు చేతితొడుగులు బిగించుకుని, గోధుమరంగు మేజోడును కొద్ది కొద్దిగా పైకి నెడుతోంది. లాగకూడదు, నెట్టాలి. లాగితే చిరుగుతుంది, చిరిగితే మళ్ళీ ఆరు నెలలదాకా బీమావాళ్ళు కొత్తది ఇవ్వరు. ఈ మాట రోజుకు నలుగురికి చెప్పడమే ఆమె ఉద్యోగం. అయినా పొద్దున్నే ఐదూ ముప్పావుకి నిద్రకళ్ళతో తానే లాగబోతుంది.

మేజోడంటే మెత్తటి వస్తువని అనుకోవద్దు. ఇది మందపాటి అల్లిక, వెనక నిలువునా కుట్టు, ఖాళీగా పెట్టినా కూలబడనంత బిగువు. పాదం దగ్గర మొదలై తొడ పైదాకా ఎక్కాలి, అందుకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఎక్కాక మాత్రం ఎవరో రెండు చేతులతో కాళ్ళను పట్టుకుని నిలబెట్టినట్టుంటుంది. మేజోళ్ళు ఎక్కించి, పైన వదులు ప్యాంటు వేసుకుని, టీ కాచుకోవడానికి లేచింది.

హిల్కెకి అరవై రెండేళ్ళు. ముఖం కోల, నడుము సన్నం, పాదాలు ఆడపిల్ల పాదాల్లా చిన్నవి. నడుముకీ పాదాలకీ మధ్య ఉన్నవి మాత్రం వేరే మనిషి కాళ్ళేమో అనిపిస్తాయి. తుంటి నుంచి దిగిన కొవ్వు చీలమండ దగ్గర దారం కట్టినట్టు టక్కున ఆగిపోతుంది. బల్ల అంచు తగిలితే చాలు, నీలంగా కములుతుంది; సాయంత్రానికి ఒకటే పోట్లు. పదమూడో ఏట మొదలైంది. తల్లి రొట్టెముక్కను సగానికి కోసి, “నోరు కట్టుకో” అనేది. కట్టుకుంది. బుగ్గలు పీక్కుపోయాయి, మెడ ఎముకలు తేలాయి, కాళ్ళు చెక్కుచెదరలేదు. పద్నాలుగో ఏట బడివాళ్ళు ఈతకు తీసుకెళితే, గట్టుమీద నిలబడ్డ ఆమెను చూసి మగపిల్లలు ఏనుగులా ఘీంకరించారు. ఆ తరవాత నలభై ఎనిమిదేళ్ళలో హిల్కె నలుగురి ముందు నీళ్ళలోకి దిగలేదు.

ముప్పై ఎనిమిదో ఏట ఒక ముసలి డాక్టరు పిక్కను రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి, “దీనికో పేరుంది, లిపెడీమా అంటారు. మీ తిండికీ దీనికీ సంబంధం లేదు,” అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి, చచ్చిపోయిన తల్లిమీద కోపంతో ఏడ్చింది. ఆపరేషన్ మాట కూడా వచ్చింది. బ్రేమెన్ నగరం వెళ్ళి ఒక సర్జన్ని కలిసింది. మంచివాడే, బొమ్మ గీసి మరీ చెప్పాడు. చేయించుకుని సుఖంగా తిరిగేవాళ్ళు ఆమెకు తెలుసు కూడా. కానీ హిల్కెకి మత్తుమందంటే చచ్చేంత భయం. తిరుగు రైల్లో తన మోకాళ్ళకేసి చూసుకుని, మనం మనం సర్దుకుందాంలే అనుకుంది. అప్పటినుంచీ సర్దుకుంటూనే ఉంది. పగలంతా మేజోళ్ళు, వారానికి రెండుసార్లు వాపు దిగడానికి లింఫ్ మర్దన, ఆదివారం కరకట్ట మీద నడక.

జర్మనీ ఉత్తరపు కొసన, ఎమ్డెన్ రేవుకు రెండు వీధుల అవతల, చక్రాల కుర్చీలూ నడుము పట్టీలూ అమ్మే దుకాణంలో ఆమె ముప్పై ఒక్కేళ్ళుగా పని చేస్తోంది. వెనక గదిలో తెర దించి కాళ్ళు కొలుస్తుంది. కొలిచేది ఏడుకీ తొమ్మిదికీ మధ్యనే. పొద్దెక్కితే కాళ్ళు నీరుపట్టి నిండుతాయి, నిండిన కాళ్ళు అబద్ధం చెబుతాయి. మిగతా దుకాణాల్లో ఒకరు టేపు పట్టుకుని అంకె పైకి చదువుతారు, ఇంకొకరు రాసుకుంటారు. హిల్కె ఎవరినీ లోపలికి రానివ్వదు. మోకాళ్ళమీద కూర్చుని, టేపు చుట్టి, అంకె మనసులో పెట్టుకుని, తానే రాసుకుంటుంది. ఒక్కో కాలికి పన్నెండు చోట్ల కొలవాలి. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క అంకె కూడా తనంతట తాను పైకి చదివిన పాపాన పోలేదు.

ఈ గురువారం మొదట వచ్చింది ఒక బడిపంతులమ్మ. స్కర్టు ఎత్తి పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడింది.

“రాత్రిళ్ళు ఆకులే తింటున్నానండీ,” అంది, ఎవరూ అడక్కుండానే.

“తినండి, మంచిదే. కానీ వీటికోసం తినకండి,” అంది హిల్కె కింద నుంచి. “ఇవి మీ కంచంలోంచి వచ్చినవి కావు.”

 ఆవిడ ముఖం ఇటు తిప్పింది. హిల్కె అల్మరా పట్టుకుని లేచింది.

తొమ్మిదింటికి పార్సిళ్ళు వచ్చాయి. మూడో పెట్టె మీద ఆల్ముత్ బోక్‌హాఫ్ పేరు. హిల్కె మేజోళ్ళు బయటికి తీసి, టేపు పెట్టి, రెండు వారాల కిందటి కాగితంతో సరిచూసింది. అన్నీ సరిపోయాయి. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పార్సిలు వస్తోందని చెబుదామని నిన్న చేసినా అంతే. కరకట్ట మీద తిరుగుతూ ఉంటుందిలే అనుకుంది.

ఆల్ముత్‌కి డెబ్భై నాలుగు. దీవులకు వెళ్ళే పడవ దగ్గర నలభై ఏళ్ళు టిక్కెట్లు అమ్మింది, ఆ గొంతు ఇంకా అలాగే ఉంది. రక్తం పలచబడే మందులు వాడుతుంది కాబట్టి ఆమెకు ఆపరేషన్ ప్రసక్తే లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆరు నెలలకోసారి వచ్చి, తెర పూర్తిగా దించకముందే హడావిడి మొదలుపెట్టేది.

“అంకె పైకి చదవండి టామెన్ గారూ! గాలివానలో ఆరువందల మందికి వినపడేలా అరిచినదాన్ని, నా పిక్క కొలతకి నేను సిగ్గుపడతానా?”

“నేను చదవను బోక్‌హాఫ్ గారూ.”

“పెరిగిందా?”

“ఒక సెంటీమీటరు తగ్గింది.”

“తగ్గిందా! అయితే వీధిలోకెళ్ళి చదవండి.”

హిల్కెకి నవ్వు వచ్చేది. పంతొమ్మిదేళ్ళలో ఆమెను రోజంతా గుర్తుచేసుకుని నవ్వుకునేలా చేసింది ఆ ఒక్క మనిషే. పెళ్ళి చేసుకోలేదు, అక్కచెల్లెళ్ళు లేరు. స్నేహితులెవరని అడిగితే చెప్పుకోవడానికి ఒక్క పేరే ఉంది, ఆ పేరుని కూడా ‘గారు’ లేకుండా ఎప్పుడూ పలకలేదు.

అది చిన్న సంగతేం కాదు. ఇక్కడ ‘మీరు’ లోంచి ‘నువ్వు’ లోకి దిగాలంటే ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి, రెండోవాళ్ళు సరేననాలి. అడక్కుండా అనేస్తే చనువనుకోరు, పెంపకం బాగాలేదనుకుంటారు. అడగాల్సింది పెద్దవాళ్ళు. ఆల్ముత్ పన్నెండేళ్ళు పెద్ద. అడుగుతుందని హిల్కె ఎదురుచూసింది. పంతొమ్మిదేళ్ళుగా ముప్పై ఎనిమిదిసార్లు ఆమె కాళ్ళముందు మోకరిల్లి, ఈసారి అడుగుతుంది, ఈసారి అడుగుతుంది అనుకుంది.

రెండు వారాల కిందట కొలతలయ్యాక ఆల్ముత్ చెప్పులు వేసుకుంటూ గొంతు తగ్గించింది. గొంతు తగ్గించడమన్నది ఆమెకు అలవాటు లేని పని.

“మీరూ వేసుకుంటారు కదూ?”

“ఏమిటి?”

“మేజోళ్ళు. లేచేటప్పుడు అల్మరా పట్టుకుంటారు. ప్యాంటు అంచు కింద కుట్టు కనిపించింది. టిక్కెట్టు లేకుండా ఎక్కేవాళ్ళని పట్టుకోవడమేనండీ నా ఉద్యోగం.”

హిల్కె చెవులు వేడెక్కాయి. కాదనలేదు.

“గురువారం నాలుగింటికి వేడినీళ్ళ కొలనుకి రండి. తొమ్మిదిమందిమి ఉన్నాం, అందరివీ ఇవే కాళ్ళు. అక్కడో కట్టుబాటుంది. నీళ్ళలో ‘మీరు’ లేదు. దిగినవాళ్ళంతా నువ్వే.”

“వస్తాను ఎప్పుడైనా.”

“పోయిన ఏడు ఊరికే ఈతకు రమ్మన్నప్పుడూ అదే అన్నారు,” అని ఆల్ముత్ కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె అటు వెళ్ళాక హిల్కెకి వెలిగింది. అడగడం అంటే అదే. తన పద్ధతిలో అడిగింది. ఇక దిగాల్సింది తను.

కిందటి గురువారం ధైర్యం చాలలేదు, పడిశం పట్టిందని తనకు తానే చెప్పుకుంది. ఈ గురువారం మేజోళ్ళ పెట్టె దేవుడు పంపినట్టు వచ్చింది. ఇవ్వడానికి వచ్చాననవచ్చు. ఆగస్టులో కొని సొరుగు అడుగున దాచిన ఈత దుస్తుకి పొద్దున్నే చీటీ కత్తిరించి సంచిలో పెట్టుకుంది.  కౌంటరు దగ్గర ఒకాయనకు ఎడమ మోకాలి పట్టీ బదులు కుడిది ఇచ్చింది. వెనక్కి తెచ్చి, “నా రెండు కాళ్ళూ ఒకటేననుకున్నారా?” అన్నాడాయన. మూడున్నరకి సైకిలెక్కింది. సముద్రపు గాలి ఎదురుగా తోస్తోంది. దారి పొడుగునా ఒక్క మాటే నోట్లో తిప్పుకుంటూ తొక్కింది. ఆల్ముత్, నువ్వు. ఆల్ముత్, నువ్వు. వినడానికి ఎబ్బెట్టుగా ఉంది, ఎంతో బాగుంది కూడా.

కొలను గదిలో ఆవిరి, మందు వాసన. ఎనిమిదిమంది ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి ఉన్నారు, ఎవరూ ఇంకా నీళ్ళలోకి దిగలేదు. వ్యాయామం చేయించే రెన్‌స్కె ముందుకొచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, మెడలో ఈల.

“మీరు దుకాణం టామెన్ గారు కదూ?”

“అవునండీ. బోక్‌హాఫ్ గారికి ఇవి ఇద్దామని...”

రెన్‌స్కె పెట్టె వైపు చూసింది. “మీకెవరూ చెప్పలేదా? ఆవిడ మంగళవారం పొద్దున పోయారు. టీ తాగి, కప్పు కింద పెట్టారట. గుండె. పక్కింటావిడ చూసేసరికి అయిపోయింది. దుకాణానికి కబురు చెయ్యాలని మాలో ఎవరికీ తట్టలేదు. క్షమించండి.”

హిల్కె పెట్టెను ఛాతీకి ఆనించుకుంది.

“కొలతలు సరిపోయాయి,” అంది. “నేను సరిచూశాను. అన్నీ సరిపోయాయి.”

 ఆ మేజోళ్ళు లోకంలో ఇంకెవరికీ ఎక్కవని అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు.

ఇంటికి పోవచ్చు. సైకిలు బయటే ఉంది, ఏ సాకూ చెప్పనక్కర్లేదు. హిల్కె తలుపుదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. గుండెలో పెద్ద రాయి పడ్డట్టుంది. ఆ బరువు మోసుకుని అంత దూరం తొక్కడం తన వల్ల కాదనిపించింది. వెనక్కి తిరిగి, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, మేజోళ్ళు విప్పింది. చర్మం మీద అల్లిక ముద్రలు ఎర్రగా పడి ఉన్నాయి. తువ్వాలు చుట్టుకుని వచ్చి, గట్టు మీద దాన్ని తీసేసింది. కాళ్ళు బయటపడ్డాయి. ఎవరూ ఘీంకరించలేదు. చివర నిలబడ్డ ఒకావిడ తేరిపార చూసి, “అచ్చం మా అమ్మ మోకాళ్ళే,” అంది.

మెట్లు ఏడు. మూడో మెట్టు దగ్గర నొప్పి తగ్గడం మొదలైంది. ఆరో మెట్టు దిగేసరికి నీళ్ళు తొడలను అన్నివైపులా పట్టుకున్నాయి. మేజోళ్ళు చేసే పనే నీళ్ళు చేస్తున్నాయి, కాకపోతే రక్కకుండా చేస్తున్నాయి. అడుగు తీస్తే కాలు దానంతట అదే పైకి తేలింది. యాభై ఏళ్ళుగా ఈడ్చుకొస్తున్న కాలు. పంతొమ్మిదేళ్ళూ ఇక్కడే ఉందా ఇది అనుకుంది హిల్కె, తనమీద తనకే కోపం వచ్చింది.

“హిల్కె, నువ్విటు నా పక్కకు రా,” అంది రెన్‌స్కె.

ఆ ‘నువ్వు’ చెవిన పడగానే హిల్కె కళ్ళు చెమ్మగిల్లాయి. తను విందామనుకున్నది ఆ గొంతులోంచి కాదు.

మోకాళ్ళెత్తి నడిచారు, చేతులు చాచి నీళ్ళు తోశారు. మధ్యలో ఊపిరి తీసుకునేటప్పుడు, అమ్మ మోకాళ్ళావిడ దగ్గరికొచ్చింది.

“ఆల్ముత్ నీ మాట చాలాసార్లు చెప్పేది. ‘మా టామెన్ గారికి ఎంత బెట్టో!’ అనేది. ‘పంతొమ్మిదేళ్ళు, ఒక్కసారైనా నువ్వనమని అడగదే’ అని.”

“నేనా?” హిల్కె ఆగిపోయింది. “ఆవిడ కదా పెద్ద! ఆవిడ కదా అడగాలి!”

“అది ఇళ్ళలో. దుకాణంలో దుకాణం మనిషే అడగాలట. ‘నేను గిరాకీని, కాళ్ళు పట్టించుకుంటూ చనువు కూడా అడిగితే బాగుంటుందా?’ అనేది.”

 ముందు రెన్‌స్కె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, తరవాత అందరూ నవ్వారు, హిల్కె కూడా నవ్వింది. ఇద్దరు పెద్దమనుషులు తెర వెనక మర్యాదకు పోయి, నువ్వంటే నువ్వని ఒకరికోసం ఒకరు పంతొమ్మిదేళ్ళు కాచుకుని కూర్చున్నారు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఎంత దండగ, ఎంత దండగ అనుకుంది. నీళ్ళు గడ్డందాకా వచ్చేలా వంగి, ఎవరికీ వినపడకుండా అంది.

“ఆల్ముత్, నువ్వు అడగొచ్చు కదే. నువ్వు అరిస్తే ఆరువందల మందికి వినపడేది.”

ఐదింటికి రెన్‌స్కె ఈల వేసింది. గట్టెక్కగానే బరువంతా తిరిగొచ్చింది, కానీ పోట్లు లేవు. తడి ఆరేదాకా ఆగి మేజోళ్ళు ఎక్కించాలి. గోడవారన బెంచీలు మరీ పొట్టివి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. రెన్‌స్కె మూలలోంచి ఒక చెక్క ఎత్తుపీట తెచ్చి ముందు పెట్టింది.

“దీనిమీద కూర్చో. ఆల్ముత్ ఇంటినుంచి తెచ్చుకుంది.”

“ఇప్పుడు నీళ్ళలో లేము కదండీ,” అంది హిల్కె.

“ఒకసారి నీళ్ళలో ‘నువ్వు’ అన్నాక గట్టుమీదా చెల్లుతుంది. వచ్చే గురువారం ఆలస్యం చెయ్యకు.”

“చెయ్యను,” అంది హిల్కె.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. హిల్కె చేతితొడుగులు వేసుకుని, పీట మీద కూర్చుని, కుడి కాలు ఎక్కించింది, ఎడమ కాలు ఎక్కించింది. లాగలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. మేజోళ్ళ పెట్టె సంచిలో పెట్టుకుని, లేచి పీటను మళ్ళీ మూలకు జరపబోతే కొంచెం ఊగింది. వంగి చూసింది. పీటకి ఒక కాలు పొట్టిది. ఎప్పుడో తను కొలిచిచ్చిన గోధుమరంగు మేజోడు ముక్క ఒకటి, వెనక కుట్టుతో సహా కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి, ఆ కాలికి తాడుతో గట్టిగా కట్టి ఉంది.