పందొమ్మిదో బల్ల దగ్గర కత్తి

ఆ రోజు పొద్దున నాకు కావలసింది నలభైకి ముప్పై నాలుగు. ముప్పై మూడొస్తే నా పని అయిపోయినట్టే.

రెండేళ్ళలో ముప్పై ఒక్క మెడికల్ కాలేజీలు నన్ను వద్దన్నాయి. డిగ్రీలో మార్కులు తక్కువ. యంగ్స్‌టౌన్‌లో మూడేళ్ళు అంబులెన్స్ మీద పనిచేశాను. ఇంటర్వ్యూల్లో దానికి శభాష్ అన్నారు, సీటు మాత్రం ఇవ్వలేదు. మిగిలిన దారి ఈ ఏడాది మాస్టర్స్ ఒక్కటే. మెడికల్ ఫస్టియర్ వాళ్ళ వెనక వరసల్లో కూర్చుని అవే పాఠాలు వినాలి, అవే పరీక్షలు రాయాలి. చివరికి వాళ్ళ సగటు దాటితే అదే కాలేజీలో సీటు. దాటకపోతే ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేస్తారు. వాళ్ళు మమ్మల్ని 'వెయిటింగ్ రూమ్' అని పిలిచేవాళ్ళు, ముఖం మీదే.

టీగ్ రాస్‌ముసెన్ కూడా వెయిటింగ్ రూమే. ఏడాదంతా ఇద్దరం ఒకే శవాన్ని కోశాం. శవాలు ఆరిపోకుండా తడిపే పని అతనిది, అందుకని అనాటమీ లాబ్ తాళం అతని దగ్గరుండేది. ఆఖరి ప్రాక్టికల్ రోజు ఏడింటికి పార్కింగ్ స్థలంలో నన్నాపి ఫోను చూపించబోయాడు.

"నలభైకి నలభై" అన్నాడు. "నిన్న సాయంత్రం హాల్డేన్ శవాల మీద ప్రశ్నల జెండాలు గుచ్చి వెళ్ళాక ఫొటోలు తీశాను. శవం వంక చూడక్కర్లేదు లోర్నా. బల్ల నంబరు, జవాబు, అంతే. కంఠతా పట్టెయ్."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కింది. నీకెక్కలేదా? ముందు వరస చంటిబాబుల్లో ఒక్కడన్నా చచ్చేవాడి నోట్లోంచి వాంతి తీశాడా? నువ్వు తీశావు. అయినా వెనక కూర్చున్నావు."

నేను ఫోను వంక చూడకుండా తిన్నగా డాక్టర్ హాల్డేన్ గదికి వెళ్ళి చెప్పాను. ఆవిడ అనాటమీ హెడ్. అరవై దాటాయి. నేను పేరు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

"పేరొద్దు. వాడి కాగితమే చెబుతుంది" అని చేతికి తొడుగులు వేసుకుని లాబ్‌లోకి వెళ్ళింది. గంటన్నరలో నలభై జెండాలూ పీకి వేరేచోట గుచ్చింది.

ఆవిడ చేసిన తప్పు అదే. నా తప్పు, పట్టుబట్టి పేరు చెప్పకపోవడం.

తొమ్మిదింటికి మొదలైంది. బల్లకొక నిమిషం, జెండా గుచ్చిన భాగం పేరు రాయాలి. గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. వరసలోంచి తప్పుకుంటే మిగతావన్నీ సున్నా. నేను ఒకటో బల్ల దగ్గర మొదలుపెట్టాను. టీగ్ నాకు ఎదుటి వరసలో ఉన్నాడు. తల ఎత్తకుండా, ఒక్క శవాన్నీ చూడకుండా రాసుకుపోతున్నాడు.

పద్దెనిమిదో గంట తరవాత ఎందుకో చూశాడు. జెండా ఉన్న నరాన్ని చూసి, తన కాగితం చూసుకున్నాడు. వెనక బల్ల చూశాడు, దాని వెనకది చూశాడు. ఆ తరవాత నన్ను చూశాడు. ఫొటోల సంగతి అతను ఇంకెవరికీ చెప్పలేదు.

నడుచుకుంటూ గోడవారనున్న అల్మరా దగ్గరికి వెళ్ళి, మెదడు పలకలుగా కోసే జానెడున్నర కత్తి తీశాడు. గదిలో నలభై మందిమి ఉన్నాం. ఒక్కరూ తలెత్తలేదు.

"నువ్వే కదూ" అన్నాడు నా దగ్గరికొచ్చి.

నేను జవాబు చెప్పలేదు. మాట్లాడితే సున్నా. కత్తి పట్టుకున్న మనిషి ఎదురుగా ఉన్నా నాకు తోచింది అదొక్కటే.

అతను పొడిచాడు. అడ్డం పెట్టిన పరీక్ష అట్ట చీలిపోయి, కత్తి నా కుడి అరచేతిని ఎముక దాకా కోసింది. నేను కేక వేసేలోపు హాల్డేన్ మా మధ్యకు దూరి నన్ను భుజంతో తోసేసింది. రెండో పోటు ఆవిడ తొడ మూలలో దిగింది. టీగ్ కత్తి లాగేశాడు.

ఏడాదిగా మేం కోసినవాటిలో చుక్క రక్తం లేదు. ఇది నడుమెత్తు చిమ్మింది. బల్ల మీది గుడ్డ, శవం ముఖం, నా నోరు తడిసిపోయాయి.

అప్పుడు గంట కొట్టింది. అందరూ జరిగారు.

నిజంగానే జరిగారు. నెత్తుటి మడుగు దాటుకుని, ముందు వరస ప్రెస్కాట్ అనేవాడు నా బల్ల దగ్గరికొచ్చి "గంటయింది, జరుగమ్మా" అని గొణిగాడు. అప్పుడు తన బూట్లకంటిన నెత్తురు చూసుకుని తెల్లబోయాడు.

టీగ్ మళ్ళీ నా మీదికి వచ్చాడు. ఇనప స్టూలు రెండు చేతులా ఎత్తి అతని చెవి మీద కొట్టాను. ఒరిగాడు, కత్తి వదల్లేదు. మణికట్టు మీద కొట్టాను, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. కత్తి పడింది. మూడో దెబ్బ అవసరం లేదు. అయినా మూతి మీద కొట్టాను. పళ్ళు నేల మీద దొర్లాయి.

"చాలు, చాలు, చచ్చిపోతాడు" అంటూ ప్రెస్కాట్ అతని వీపు మీద కూర్చున్నాడు.

ఇరవయ్యో బల్ల నాకు రెండడుగుల దూరంలో ఉంది. జెండా మోచేతి వెనక నరానికి ఉంది, జవాబు నాకు తెలుసు. ఒక క్షణం అటే చూశాను. అబద్ధమెందుకు, ఒకటి కాదు, రెండు మూడు క్షణాలు చూశాను. తరవాత కూర్చుని హాల్డేన్ తొడ మూలలో ఎడమ పిడికిలి దించి, ఒళ్ళంతా దాని మీద వేశాను.

"ఇంకా పైకి" అంది ఆవిడ. "ఎముక మీదికి నొక్కు."

"నొక్కుతున్నా. మాట్లాడకండి డాక్టర్."

"పద్దెనిమిది రాశావా?"

"రాశాను. మాట్లాడొద్దన్నానా?"

"ఆ గంట ఎవడన్నా ఆపండర్రా, తల పగిలిపోతోంది."

ఎవరూ ఆపలేదు. అంబులెన్స్ వాళ్ళొచ్చేసరికి పదకొండుసార్లు కొట్టింది. పిడికిలి కింద నాడి రెండుసార్లు నాకు దొరకలేదు. రెండుసార్లూ చెయ్యి జరిపి వెతికి పట్టుకున్నాను. కుడి అరచెయ్యి తెరిచిన పుస్తకంలా వేలాడుతోంది. అది నాదేనని అప్పటిదాకా గుర్తే లేదు.

హాల్డేన్ బతికింది. టీగ్ దవడకి తీగలు కట్టించుకుని జైలుకెళ్ళాడు. పరీక్ష రద్దు చేసి, పది రోజుల తరవాత మళ్ళీ పెట్టారు.

నా కుడిచెయ్యి కట్లలో ఉంది. అదనపు సమయం కావాలంటే ఆగస్టు దాకా ఆగమన్నారు. సీట్లు జూన్‌లోనే తేలిపోతాయి. ఎడమ చేత్తో రాశాను. ముప్పై అయిదు వచ్చాయి. మిగతా అయిదూ తెలియక కాదు, గంట కొట్టేలోపు అక్షరాలు పూర్తికాలేదు.

అప్పటికి ముందు వరస వాళ్ళకు చదువుకోవడానికి పది రోజులు ఎక్కువ దొరికాయి. ఏ ఏడూ ముప్పై మూడు దాటని సగటు ఈసారి ముప్పై ఆరుకి ఎక్కింది.

హాల్డేన్ చేతికర్ర మీద నా కోసం పార్కింగ్ దాకా వచ్చింది. ఆవిడ ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"ఆ రోజు కాగితం దిద్దాను" అంది. "పద్దెనిమిదికి పద్దెనిమిది."

"అది లెక్కలోకి రాదుగా."

"రాదు. కమిటీలో అరిచాను. నియమం ఒకళ్ళకి మారిస్తే అందరికీ మార్చాలన్నారు." కర్ర అటూ ఇటూ తిప్పింది. "వచ్చే దరఖాస్తుకి సిఫారసు ఉత్తరం నేను రాస్తాను."

"ఏం రాస్తారు?"

"జరిగింది రాస్తాను. కత్తి, పిడికిలి, పదకొండు నిమిషాలు."

"మార్కుల గురించి?"

"అవి వాళ్ళే చూసుకుంటారు తల్లీ" అంది, నా కళ్ళలోకి చూడకుండా.